కొత్త కారు, ఖాళీ కుర్చీ: 2022లో హ్యుందాయ్ ర్యాలీ టీమ్‌కి మొదటి నాలుగు రౌండ్లు ఎందుకు కలిసిరాలేదు?

ఫిబ్రవరి 2022. స్వీడన్‌లోని ఉమెయో చుట్టుపక్కల మంచు రోడ్లు. ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో, అంటే డబ్ల్యూఆర్‌సీలో, అది సీజన్ రెండో రౌండ్. హ్యుందాయ్ డ్రైవర్ ఓట్ తానక్ ముందు వరుసలో పోటీ పడుతున్నాడు. మొదటి రోజే అతని కారు మీద ఉన్న ఒక చిన్న లైట్ పచ్చ రంగు వదిలేసి ఎర్రగా వెలిగింది. అంతే, ఆ రోజుకి అతని ఆట ముగిసింది.

ఆ లైట్ హైబ్రిడ్ సిస్టమ్‌ది. పచ్చగా ఉంటే కారు ముట్టుకోవచ్చు. ఎర్రగా ఉంటే హై వోల్టేజ్ ప్రమాదం ఉండొచ్చు, ఎవరూ దగ్గరికి వెళ్లకూడదు. డ్రైవర్ ఎంత తోపైనా, ఎర్ర లైట్‌తో ముందుకెళ్లడం కుదరదు. ఒక మాజీ ప్రపంచ ఛాంపియన్‌ని ప్రత్యర్థి కాదు, కారులోని ఒక సీల్డ్ బాక్స్ ఆపేసింది.

ఫోన్లు, ఇయర్‌బడ్స్ రివ్యూ చేసే సైట్‌లో ర్యాలీ కథ ఏంటి అంటారా? నేను చాలా ఏళ్లుగా గ్యాడ్జెట్లతో పాటు డబ్ల్యూఆర్‌సీ కూడా ఫాలో అవుతున్నాను. 2022లో హ్యుందాయ్ టీమ్ మొదటి నాలుగు రౌండ్లు చూస్తుంటే, నాకు మన దగ్గరికి రివ్యూకి వచ్చే కొన్ని ఫోన్లు గుర్తొచ్చాయి. స్పెక్ షీట్ అదిరిపోతుంది, చిప్ అందరిదీ ఒకటే, కానీ ఒక బ్రాండ్ ఫోన్ కూల్‌గా ఉంటే ఇంకో బ్రాండ్ ఫోన్ అరగంటకే కాలిపోతుంటుంది. తేడా ఎక్కడొచ్చింది? ఆ ప్రశ్నకి ఈ సీజన్ చాలా మంచి జవాబిస్తుంది. పైగా ఇందులో ఇంకో ట్విస్ట్ కూడా ఉంది. ప్రొడక్ట్ లాంచ్ అవుతున్న టైమ్‌కి టీమ్‌కి బాస్ లేడు.

ముందు రూల్స్ ఎలా మారాయో చూద్దాం

2021 వరకు డబ్ల్యూఆర్‌సీలో నడిచిన టాప్ కార్లు మామూలు పెట్రోల్ టర్బో కార్లు. 2022లో ఎఫ్ఐఏ ఆ తరం మొత్తాన్ని పక్కనపెట్టి ర్యాలీ1 అనే కొత్త క్లాస్ తెచ్చింది. పాత కారుని అప్‌డేట్ చేస్తే సరిపోయే మార్పు కాదిది. తెల్ల కాగితం మీద మళ్లీ మొదలుపెట్టాలి.

పెద్ద మార్పులు ఇవి:

1.6 లీటర్ల టర్బో ఇంజిన్‌కి తోడు 100 కిలోవాట్ల ఎలక్ట్రిక్ మోటార్ వచ్చింది. రెండూ కలిసి పనిచేసే క్షణాల్లో పవర్ 500 హార్స్‌పవర్ దాటుతుంది.

3.9 కిలోవాట్ అవర్ల బ్యాటరీ. ప్లగ్ పెట్టి ఛార్జ్ చేయొచ్చు, బ్రేక్ వేసినప్పుడు కూడా కొంత ఛార్జ్ తిరిగొస్తుంది. సర్వీస్ పార్క్ లాంటి చోట్ల కారు పూర్తిగా కరెంట్ మీదే నడవాలి.

ఉత్పత్తి కారు బాడీ షెల్ బదులు స్టీల్ ట్యూబులతో కట్టిన ఛాసిస్ వాడటానికి అనుమతి. డ్రైవర్, కో-డ్రైవర్ల రక్షణకి ఇది చాలా పెద్ద మెట్టు.

యాక్టివ్ సెంటర్ డిఫరెన్షియల్ తీసేశారు. స్టీరింగ్ వెనక ఉండే ప్యాడిల్ గేర్లు పోయి, చేత్తో లాగే 5 స్పీడ్ సీక్వెన్షియల్ గేర్ లివర్ తిరిగొచ్చింది. సస్పెన్షన్ పైకీ కిందకీ కదిలే దూరాన్ని 270 మిల్లీమీటర్లకి పరిమితం చేశారు. ఏరోడైనమిక్స్ కూడా సింపుల్ చేశారు.

కనీస బరువు 1190 కిలోల నుంచి 1260 కిలోలకి పెరిగింది.

ఒకసారి ఆలోచించండి. బరువు పెరిగింది, పవర్ పెరిగింది, ఆ బరువునీ పవర్‌నీ అదుపులో పెట్టే ఎలక్ట్రానిక్ సాయం తగ్గింది. అంటే డ్రైవర్ ఇన్నేళ్లుగా నేర్చుకున్న అలవాట్లలో సగం పనికిరావు. బ్రేక్ ఎక్కడ వేయాలి, ఎంత గట్టిగా వేయాలి అన్నది ఇప్పుడు వేగానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, బ్యాటరీకి ఎంత ఛార్జ్ తిరిగొస్తుంది అన్నదానికి కూడా లెక్క.

చిన్న లెక్క ఒకటి చేద్దాం. 3.9 కిలోవాట్ అవర్ల బ్యాటరీని 100 కిలోవాట్లతో ఆపకుండా వాడితే, కాగితం మీద 2 నిమిషాల 20 సెకన్లలో ఖాళీ అయిపోతుంది. ర్యాలీలో ఒక స్టేజ్ 10, 20 నిమిషాలు కూడా ఉంటుంది. కాబట్టి ఆ బూస్ట్‌ని చిన్న చిన్న ముక్కలుగా, కరెక్ట్ చోట, కరెక్ట్ టైమ్‌లో వాడుకోవాలి. మన ఫోన్ భాషలో చెప్పాలంటే, పీక్ పెర్ఫార్మెన్స్ కంటే పవర్ మేనేజ్‌మెంట్ ముఖ్యం.

అందరికీ ఒకటే బాక్స్

ఇక్కడే అసలు ఆసక్తికరమైన పాయింట్. హైబ్రిడ్ యూనిట్‌ని టొయోటా, ఫోర్డ్, హ్యుందాయ్ ఎవరికి వాళ్లు తయారు చేసుకోలేదు. జర్మనీకి చెందిన కాంపాక్ట్ డైనమిక్స్ అనే కంపెనీ అందరికీ ఒకే యూనిట్ ఇచ్చింది. సీల్ వేసి ఇస్తారు. టీమ్ మెకానిక్‌లు దాన్ని విప్పి చూడటానికి లేదు.

మూడు బ్రాండ్లు ఒకే చిప్‌తో ఫోన్ చేస్తున్నాయని ఊహించుకోండి. చిప్ ఒకటే అయినా దాని చుట్టూ కూలింగ్ ఎలా ఇచ్చారు, బోర్డు మీద ఎక్కడ పెట్టారు, సాఫ్ట్‌వేర్ ఎలా ట్యూన్ చేశారు అన్నదే అనుభవాన్ని నిర్ణయిస్తుంది. ర్యాలీలో దానికి దుమ్ము, నీళ్లు, గాల్లోకి ఎగిరి నేలకి కొట్టుకునే జంప్‌లు కూడా కలపండి. బాక్స్ ఒకటే, కానీ ఆ బాక్స్‌కి ఎంత వేడి తగులుతుంది, ఎంత కుదుపు తగులుతుంది అన్నది మాత్రం కారు డిజైన్ చేసిన వాళ్ల చేతిలోనే ఉంది.

నిజం చెప్పాలంటే ఆ ఏడాది హైబ్రిడ్ కష్టాలు హ్యుందాయ్‌కి ఒక్కదానికే రాలేదు. అదే స్వీడన్‌లో టొయోటా డ్రైవర్ ఎల్ఫిన్ ఎవాన్స్ కూడా మంచు గట్టుని గుద్దుకున్నాక హైబ్రిడ్ కారణంగానే వెనుదిరిగాడు. కాబట్టి 'బాక్స్ బాగోలేదు' అనేసి చేతులు దులుపుకుంటే హ్యుందాయ్ కథ అర్థం కాదు. వాళ్ల సమస్య ఇంకా లోతైనది. వాళ్లు పని మొదలుపెట్టడమే ప్రత్యర్థుల కంటే ఆలస్యంగా మొదలుపెట్టారు.

లేట్‌గా మొదలైతే ఏమవుతుంది?

మామూలుగా ఆలోచిస్తే 'లేట్ అయితే ఏముంది, రాత్రింబవళ్లు పనిచేసి పూర్తి చేస్తారు' అనిపిస్తుంది. కారుని కట్టడం వరకు అది నిజమే. కానీ కట్టిన కారుని తెలుసుకోవడానికి మాత్రం షార్ట్‌కట్ లేదు. వేల కిలోమీటర్లు నడపాలి. ఏది విరుగుతుందో, ఏది వేడెక్కుతుందో, ఏ బోల్ట్ వదులవుతుందో చూడాలి. టెస్టింగ్ రోజులకి డబ్ల్యూఆర్‌సీలో పరిమితి ఉంది కాబట్టి డబ్బులు కుమ్మరించి ఆ టైమ్‌ని కొనలేరు.

దానికి తోడు హోమోలోగేషన్ అనే తంతు ఒకటి ఉంది. కారు డిజైన్‌ని ఎఫ్ఐఏ దగ్గర రిజిస్టర్ చేశాక ముఖ్యమైన భాగాలు ఇష్టమొచ్చినట్టు మార్చడానికి లేదు. మార్చాలంటే 'జోకర్' అనే పరిమిత అవకాశాల్లో ఒకటి ఖర్చు పెట్టాలి. పేకాటలో జోకర్ లాగే, ఒకసారి దించేస్తే మళ్లీ చేతికి రాదు. మన ఫోన్లకైతే లాంచ్ తర్వాత వారానికో ఓటీఏ అప్‌డేట్ పంపించొచ్చు. ఇక్కడ సాఫ్ట్‌వేర్ కొంత సరిచేయొచ్చు గానీ హార్డ్‌వేర్ తప్పు మాత్రం నెలల తరబడి వెంటాడుతుంది.

ఇలాంటి స్థితిలో, సీజన్‌కి ముందు 2021 డిసెంబర్‌లో మోంటే కార్లో కోసం టెస్ట్ చేస్తుండగా థియెర్రీ న్యూవిల్ కారు రోడ్డు దాటి లోయలోకి పడిపోయింది. అతనూ, కో-డ్రైవర్ మార్టిన్ విడాగా ప్రాణాలతో బయటపడ్డారు. కొత్త ట్యూబ్ ఛాసిస్ ఎంత గట్టిదో తెలిసింది, అది మంచిదే. కానీ అసలే టైమ్ తక్కువగా ఉన్న టీమ్‌కి అది ఇంకో దెబ్బ.

అదే నెలలో బాస్ వెళ్లిపోయాడు

2021 డిసెంబర్‌లోనే ఇంకో వార్త వచ్చింది. టీమ్ ప్రిన్సిపల్ ఆండ్రియా అడామో వ్యక్తిగత కారణాలతో హ్యుందాయ్ మోటార్‌స్పోర్ట్‌ని వదిలి వెళ్తున్నాడు. సీజన్ మొదటి రౌండ్‌కి మిగిలింది కొన్ని వారాలే.

అడామో ఎవరో తెలిస్తే ఈ వార్త బరువు అర్థమవుతుంది. 2019 మొదట్లో ఆయన టీమ్ పగ్గాలు తీసుకున్నాడు. ఆ ఏడాదే హ్యుందాయ్‌కి మొదటి మాన్యుఫాక్చరర్స్ టైటిల్ వచ్చింది. 2020లో రెండోది. మూడో కారులో ఏ రౌండ్‌కి ఎవరిని కూర్చోబెట్టాలో నిర్మొహమాటంగా నిర్ణయించేవాడు. తొమ్మిది సార్లు ఛాంపియన్ అయిన సెబాస్టియన్ లోబ్ కూడా ఆ రొటేషన్‌లో భాగమయ్యాడు. నచ్చినా నచ్చకపోయినా, నిర్ణయం ఎవరిదో అందరికీ తెలిసేది.

ఆయన వెళ్లాక డిప్యూటీ టీమ్ డైరెక్టర్ జూలియన్ మోన్సె రోజువారీ బాధ్యత తీసుకున్నాడు. ఇంజిన్ విభాగం నుంచి వచ్చిన మనిషి, టెక్నికల్‌గా సమర్థుడు. కానీ టీమ్ ప్రిన్సిపల్ కుర్చీ మాత్రం ఖాళీగానే ఉంది. 2022 సీజన్ మొత్తం అలాగే గడిచింది. కొత్త ప్రిన్సిపల్‌గా ఫార్ములా 1లో రెనో టీమ్‌ని నడిపిన సిరిల్ అబిటబుల్ పేరు ప్రకటించింది 2023 జనవరిలో.

నా అభిప్రాయం ఏంటంటే, బాస్ మారడం ఒక్కటే సమస్య కాదు. టొయోటాలో కూడా ఏడాది ముందే బాస్ మారాడు. టామీ మాకినెన్ స్థానంలో యారి-మట్టి లాట్వాలా వచ్చాడు. అతనికి అంతకు ముందు టీమ్‌ని నడిపిన అనుభవం లేదు, అయినా టొయోటా 2021లో టైటిల్స్ గెలిచింది. తేడా ఎక్కడంటే, లాట్వాలా వచ్చింది పాత కారు చివరి సంవత్సరంలో. ఆ కారు అప్పటికే నలిగిన దారి. సీటు కూడా ఖాళీగా లేదు. హ్యుందాయ్‌కి మాత్రం కొత్త కారు, ఖాళీ కుర్చీ ఒకేసారి వచ్చిపడ్డాయి. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ రిలీజ్ చేసే వారంలోనే ప్రాజెక్ట్ హెడ్ రాజీనామా చేస్తే ఎలా ఉంటుందో అలా.

నాలుగు రౌండ్ల రిపోర్ట్ కార్డ్

మోంటే కార్లో, జనవరి. ఫోర్డ్ కొత్త ప్యూమాతో లోబ్ గెలిచాడు, 47 ఏళ్ల వయసులో. ఓజియే 10.5 సెకన్ల తేడాతో రెండో స్థానం. హ్యుందాయ్‌కి? న్యూవిల్ కారులో డ్యాంపర్ బానెట్‌ని పొడుచుకుని పైకి వచ్చేసింది. అయినా ఈడ్చుకుంటూ ఆరో స్థానంలో ముగించాడు. తానక్ రేడియేటర్ దెబ్బతిని రిటైర్ అయ్యాడు. మూడో కారులో ఉన్న 20 ఏళ్ల ఒలివర్ సోల్‌బర్గ్‌ది మరీ దారుణం. కారు లోపలికి పొగ వచ్చింది. ఊపిరి ఆడని కారులో కూర్చుని స్టేజ్‌లు చేస్తున్నారు అతనూ, కో-డ్రైవరూ. వాళ్లు ర్యాలీ పూర్తి చేయలేకపోయారు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. డ్యాంపర్, పొగ, రేడియేటర్. ఒకే భాగం మూడుసార్లు ఫెయిల్ అయితే దాన్ని మార్చేయొచ్చు. మూడు కార్లలో మూడు వేర్వేరు చోట్ల ఇబ్బంది వచ్చిందంటే వెతకాల్సిన చోట్లు చాలా ఉన్నాయి. సరిపడా నడపని ప్రొడక్ట్ లక్షణం అచ్చంగా ఇదే.

స్వీడన్, ఫిబ్రవరి. తానక్ ఎర్ర లైట్ కథ పైన చెప్పాను. కానీ అదే ర్యాలీలో న్యూవిల్ రెండో స్థానం సాధించాడు, టొయోటా కుర్రాడు కల్లే రోవన్‌పెరా వెనక. అంటే కారు ఆగిపోకుండా ఉంటే వేగం ఉంది. ఇది టీమ్‌కి ఊరట, అదే సమయంలో చిరాకు కూడా.

క్రొయేషియా, ఏప్రిల్. తారు రోడ్డు, వాన. సోల్‌బర్గ్ రోడ్డు తప్పాడు, కారు తగలబడిపోయింది. న్యూవిల్ కారులో ఆల్టర్నేటర్ పోయింది. డ్రైవర్, కో-డ్రైవర్ ఇద్దరూ దిగి సర్వీస్ వైపు కారుని తోసుకుంటూ వెళ్లారు. మన ఊళ్లో పెట్రోల్ అయిపోయిన బండిని తోసినట్టే, కాకపోతే ఇది ప్రపంచ ఛాంపియన్‌షిప్. లేట్‌గా చేరినందుకు పెనాల్టీ. అంత జరిగినా న్యూవిల్ మూడో స్థానం. తానక్ అయితే చివరి స్టేజ్‌కి ముందు సరైన టైర్ల ఎంపికతో ఆధిక్యంలోకి వచ్చేశాడు. కానీ చివరి స్టేజ్‌లో రోవన్‌పెరా మళ్లీ లాగేసుకున్నాడు. ఆఖరి తేడా 4.3 సెకన్లు.

పోర్చుగల్, మే. మట్టి రోడ్లు. అనుభవజ్ఞుడు డాని సోర్డో మూడో స్థానం తెచ్చాడు. న్యూవిల్ ఐదు, తానక్ ఆరు. గెలుపు మళ్లీ రోవన్‌పెరాదే, వరుసగా మూడోది.

నాలుగు రౌండ్లు, హ్యుందాయ్ గెలిచినవి సున్నా. కానీ పోడియంలు చూడండి: స్వీడన్‌లో ఒకటి, క్రొయేషియాలో రెండు, పోర్చుగల్‌లో ఒకటి. స్లో కారుకి ఇవి రావు. ఇది వేగం లేని కారు కాదు, నమ్మకం లేని కారు. మన రివ్యూల భాషలో బెంచ్‌మార్క్ స్కోర్ బాగుంది, స్టెబిలిటీ టెస్ట్ ఫెయిల్.

డ్రైవర్ తలలో ఏం జరుగుతుంది?

ఈ కోణం స్పెక్ షీట్‌లో కనిపించదు, కానీ నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఇదే. ర్యాలీ డ్రైవర్ అటు చెట్లు, ఇటు లోయ ఉన్న రోడ్డు మీద, మలుపు అవతల ఏముందో కనిపించకపోయినా ఫుల్ థ్రాటిల్ ఇవ్వాలి. కో-డ్రైవర్ చదివే నోట్స్ మీద, కింద ఉన్న కారు మీద పూర్తి నమ్మకం ఉంటేనే అది సాధ్యం. హైబ్రిడ్ బూస్ట్ ఈసారి వస్తుందా రాదా, సస్పెన్షన్ నిలబడుతుందా లేదా అని తల్లో ఒక మూల అనుమానం ఉంటే కాలు కొంచెం వెనక్కి వస్తుంది. ఆ 'కొంచెం' విలువ కిలోమీటరుకి సెకనులో కొన్ని పదో వంతులు. 300 కిలోమీటర్ల ర్యాలీలో అవన్నీ కలిస్తే నిమిషం దాటిపోతుంది.

సాయంత్రం సర్వీస్‌లో మెకానిక్‌లకి ఒక్కో కారు మీద దొరికేది 45 నిమిషాలు. ఆ 45 నిమిషాల్లో ఏ పని ముందు చేయాలి, ఏది రేపటికి వదిలేయాలి అని ఎవరో ఒకరు తేల్చి చెప్పాలి. పైన జర్మనీలోని ఆల్జెనావ్ ఫ్యాక్టరీలో ఏ భాగానికి జోకర్ వాడాలో, కొరియాలోని పెద్దలని బడ్జెట్ ఎలా అడగాలో కూడా ఒకరు తేల్చాలి. మొదటి పని మోన్సె, ఇంజనీర్లు బాగానే చేశారు. మోంటేలో చూసిన కారుకి, జూన్‌లో చూసిన కారుకి ఉన్న తేడానే దానికి సాక్ష్యం. రెండో రకం నిర్ణయాలకి మాత్రం తాత్కాలిక కుర్చీ ఎప్పుడూ సరిపోదు అని నా అనుమానం.

సార్డీనియాలో మలుపు, గ్రీస్‌లో మెలిక

జూన్‌లో ఇటలీలోని సార్డీనియాలో తానక్ గెలిచాడు, అది కూడా నిమిషానికి పైగా తేడాతో. ఐ20 ఎన్ ర్యాలీ1కి అదే మొదటి విజయం. తానక్‌కి 2021 ఫిబ్రవరి తర్వాత మొదటిది. ఆ తర్వాత ఫిన్లాండ్‌లో, టొయోటా టీమ్ సొంత గడ్డ మీద, రోవన్‌పెరాని వెనక్కి నెట్టి మళ్లీ తానకే. బెల్జియంలోని ఈప్ర్‌లో మళ్లీ తానక్. చివరి రౌండ్ జపాన్‌లో న్యూవిల్. మొత్తం 13 రౌండ్లలో హ్యుందాయ్‌కి 5 విజయాలు. మొదటి నాలుగు రౌండ్లు చూసిన వాళ్లెవరూ ఈ అంకె ఊహించి ఉండరు.

ఈ ఐదింటిలో సెప్టెంబర్‌లో గ్రీస్‌లో జరిగిన అక్రోపొలిస్ ర్యాలీ ప్రత్యేకం. న్యూవిల్, తానక్, సోర్డో: ఒకటి, రెండు, మూడు. టీమ్ చరిత్రలోనే మొదటిసారి పోడియం మొత్తం హ్యుందాయ్‌దే. పండగ చేసుకోవాల్సిన రోజు. కానీ అదే రోజు ఖాళీ కుర్చీ ప్రశ్న మళ్లీ పైకి తేలింది.

విషయం ఇది. ఛాంపియన్‌షిప్‌లో రోవన్‌పెరాని తరుముతున్నది తానక్, న్యూవిల్ అతని కంటే వెనకున్నాడు. రోవన్‌పెరా ఆ వారం ఇబ్బందుల్లో ఉన్నాడు. న్యూవిల్‌ని పక్కకి జరిపి తానక్‌ని గెలిపిస్తే అతనికి 18కి బదులు 25 పాయింట్లు, అంటే 7 పాయింట్లు ఎక్కువ. టీమ్ మాత్రం ఉన్న స్థానాలనే ఉంచేసింది. తానక్‌కి అది నచ్చలేదని దాచుకోలేదు కూడా.

లెక్క ప్రకారం చూస్తే ఆ 7 పాయింట్లతో టైటిల్ మారేది కాదు. సీజన్ చివరికి రోవన్‌పెరా, తానక్ మధ్య తేడా 50 పాయింట్లు. న్యూవిల్ కష్టపడి సంపాదించిన విజయాన్ని లాక్కోకపోవడం న్యాయమే అనే వాదన కూడా ఉంది, నేను దాన్ని కొట్టిపారేయను. కానీ నాయకత్వం అంటే లెక్క ఒక్కటే కాదు కదా. 'ఈ ఏడాది మనం ఎవరి టైటిల్ కోసం పనిచేస్తున్నాం?' అన్న ప్రశ్నకి జవాబు సెప్టెంబర్‌లో, స్టేజ్‌ల మధ్యలో వెతకకూడదు. అది జనవరిలోనే తేలి ఉండాలి. జనవరిలో తేల్చాల్సిన కుర్చీలో ఎవరూ లేరు.

సీజన్ ముగిశాక తానక్ టీమ్ వదిలి ఎం-స్పోర్ట్ ఫోర్డ్‌కి వెళ్లిపోయాడు. ఆ ఒక్క నిర్ణయమే కారణం అని నేను అనను. కానీ ఏడాదంతా పోగైన విసుగు ఎవరికైనా కనిపించింది. సోల్‌బర్గ్‌కి కూడా ఆ టీమ్‌లో సీటు మిగల్లేదు. తర్వాత 2025లో అదే కుర్రాడు ఎస్టోనియాలో టొయోటా కారుతో గెలిచి చూపించాడు. 2022లో పొగ నిండిన కారులో కూర్చున్న డ్రైవర్ టాలెంట్‌ని ఫలితాల పట్టికతో కొలిస్తే ఎంత అన్యాయమో దాన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు.

బాస్ వచ్చాక అంతా సెట్ అయిందా?

లేదు. అందుకే ఈ కథ నాకు నచ్చుతుంది, సులువైన నీతి దొరకదు. 2023లో అబిటబుల్ వచ్చాడు. ఆ ఏడాది హ్యుందాయ్ గెలిచింది రెండే రౌండ్లు, బాస్ లేని ఏడాది కంటే తక్కువ. ఏప్రిల్‌లో క్రొయేషియాకి ముందు టెస్ట్‌లో జరిగిన ప్రమాదంలో క్రెయిగ్ బ్రీన్ ప్రాణాలు కోల్పోయాడు. ఆ బాధ ముందు పాయింట్ల గురించి మాట్లాడటానికి కూడా మనసు రాదు.

ఫలితం కనిపించింది 2024లో. తానక్ తిరిగొచ్చాడు. ఆ నవంబర్‌లో జపాన్‌లో న్యూవిల్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, హ్యుందాయ్‌కి అదే మొదటి డ్రైవర్స్ టైటిల్. ఇదే ఐ20 ఎన్ ర్యాలీ1, మూడో ఏడాదిలో. మాన్యుఫాక్చరర్స్ టైటిల్ మాత్రం టొయోటాకి 3 పాయింట్ల తేడాతో పోయింది. సీజన్ మొదట్లో ఒక చిన్న ఫెయిల్యూర్ ఎంత ఖరీదైనదో చెప్పడానికి ఆ 3 పాయింట్లు చాలు.

మనకేంటి?

హ్యుందాయ్ ఐ20 మన రోడ్ల మీద రోజూ కనిపించే కారు. ఐ20 ఎన్ లైన్ 2021లో ఇండియాలో లాంచ్ అయింది, 1.0 లీటర్ టర్బోతో 120 పీఎస్. ర్యాలీ1 కారుకి దానితో పోలిక ఎక్కువగా రూపంలోనే, లోపల ట్యూబ్ ఛాసిస్, ఫోర్ వీల్ డ్రైవ్, వేరే ప్రపంచం. కాబట్టి ఈ కథ చదివి షోరూమ్ కారు మీద తీర్పు ఇచ్చేయకండి.

గ్యాడ్జెట్ పిచ్చి ఉన్న మనం తీసుకెళ్లాల్సింది వేరే ఉంది. కొత్త ప్లాట్‌ఫామ్ మీద వచ్చిన మొదటి జనరేషన్ ప్రొడక్ట్‌ని చూసేటప్పుడు నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. అందరూ వాడే భాగాన్ని వీళ్లు తమ డిజైన్‌లో ఎంత జాగ్రత్తగా ఇమిడ్చారు? లాంచ్‌కి ముందు ఎంత కాలం వాడి చూశారు? తేడా వస్తే సరిచేసే బాధ్యత ఎవరిదో తెలుసా? స్పెక్ షీట్ మొదటి ప్రశ్నకి సగం జవాబే ఇస్తుంది, మిగతా రెండిటికీ అసలు ఇవ్వదు. 2022 జనవరిలో హ్యుందాయ్‌ని ఈ మూడు ప్రశ్నలు అడిగి ఉంటే, మోంటే కార్లోలో ఏం జరగబోతుందో ముందే ఊహించొచ్చు.

ఇంకో మాట. టీమ్‌లన్నిటినీ ఇంత ఇబ్బంది పెట్టిన ఆ హైబ్రిడ్ యూనిట్‌ని 2025 నుంచి ర్యాలీ1 కార్లలోంచి తీసేశారు. కనీస బరువు కూడా 1180 కిలోలకి తగ్గింది. మూడంటే మూడు సీజన్లు బతికిన టెక్నాలజీ అది. ఎర్ర లైట్ పోయింది, బాక్స్ పోయింది. ఆ బాక్స్‌తో కుస్తీ పడుతూ కారుని ఎలా నమ్మదగినదిగా మార్చుకోవాలో నేర్చుకున్న మెకానిక్‌లు, ఇంజనీర్లు మాత్రం ఆల్జెనావ్ ఫ్యాక్టరీకి మిగిలారు.